ఏడాది కౌలుకి మూడేళ్ల జీవామృతం: బాగుపడేది ఎవరి నేల?

దాళ్వా రైతు (భీమవరం దగ్గర పల్లె):
అందరికీ నమస్కారం అండి. నాకు సొంతం అరెకరం. కౌలుకి నాలుగెకరాలు చేస్తాను. రెండు పంటలకీ కలిపి ఎకరానికి 30 బస్తాల మక్తా, అంటే పంట ఎంత పండినా ఇవ్వాల్సిన కౌలు, అంతా నోటిమాట మీదే. మూడేళ్ల కిందట మా ఊళ్లో రసాయన ఎరువులు, మందులు లేని ప్రకృతి సేద్యం మీద మీటింగు పెడితే వెళ్లి, కౌలు చేలో రెండెకరాలు ఆ పద్ధతికి మార్చాను. పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండితో చేసే ఘన జీవామృతం చల్లాను, వీలైనప్పుడల్లా నీళ్లలో కలిపిన జీవామృతం పారించాను. మొదటి సార్వాకి (వానాకాలం వరికి) పక్క చేల కంటే ఆరేడు బస్తాలు తగ్గింది. మక్తా మాత్రం ఒక్క కుంచం కూడా తగ్గలేదు. రెండో ఏడు తేడా రెండు మూడు బస్తాలకి వచ్చింది. దమ్ము చేస్తుంటే వానపాములు కనబడ్డాయి, నన్ను రోజూ తిట్టే మా ఆవిడ కూడా ఆ రోజు ఏమీ అనలేదు. మూడో ఏడు ఉగాది వెళ్లాక ఆసామి, అంటే చేను సొంతదారు, కబురు పెట్టారు. "నీ చేను బాగుందని పక్కూరాయన రెండు బస్తాలు ఎక్కువిస్తానంటున్నాడు, నువ్విస్తావా?" అని. నేనివ్వలేకపోయాను. చేను పోయింది.

నా ప్రశ్న ఇదీ. కౌలు సంగతి తేల్చకుండా ప్రకృతి సేద్యం మీద ప్రభుత్వం పెట్టే డబ్బు ఎవరికి చేరుతోంది? 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాల్లో 42.4 శాతం కౌలువే, దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తం మీద 17.3. ఇలాంటి చోట "నేలని పెంచుకోండి" అని చెబితే, ఎవరి నేలని అండి?

నేలతల్లి (పార్వతీపురం):
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. నేను మా మండలంలో ఐసీఆర్‌పీగా పనిచేస్తున్నాను, అంటే సొంతంగా ప్రకృతి సేద్యం చేస్తూ తోటి రైతులకి నేర్పడం. కానీ కౌలు వల్ల ఇది కుదరదని అందరినీ బెదరగొట్టకండి. కౌలు రైతుకి ముందు కావలసింది పెట్టుబడి తగ్గడం, అది మొదటి ఏడే తగ్గుతుంది. మా దగ్గర భూమి లేని ఆడవాళ్లు 20 సెంట్లు తీసుకుని ఏటీఎం (ఎనీ టైమ్ మనీ, ఎప్పుడూ చేతికి డబ్బొచ్చేలా) మోడల్‌లో కూరగాయలు వేస్తున్నారు. ఆకుకూర నెలలోపే చేతికొస్తుంది, దానికి మూడేళ్లు ఆగక్కర్లేదు. దిగుబడి సంగతంటారా, బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు మన రాష్ట్రంలోనే రైతుల పొలాల్లో ప్రయోగాలు చేసి, రసాయన, సేంద్రియ పద్ధతుల కంటే ఇదే మెరుగని 2023లో ప్రచురించారు. 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి మన రాష్ట్ర ప్రకృతి సేద్యం కార్యక్రమానికి ఊరికే వచ్చిందా?

నల్లరేగడి (బాపట్ల):
బహుమతి సంగతి పక్కన పెట్టి లెక్క చూద్దామమ్మా. ఎకరానికి మక్తా 30 బస్తాలంటేనే, 75 కిలోల బస్తా లెక్కన, రెండుంపావు టన్నుల ధాన్యం. అంత పండాలంటే వరి సుమారు 40 కిలోల నత్రజని తీసుకుంటుంది. 200 లీటర్ల జీవామృతంలో ఏముంది? పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి. అన్నీ కలిపినా నత్రజని పావు కిలో. పది సార్లు పారించినా మూడు కిలోలు దాటదు. మిగతాది సూక్ష్మజీవులు తెచ్చి పెడతాయంటే, ఎక్కడి నుంచి ఎంత తెస్తున్నాయో కొలిచి చూపాలి. 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అభ్యంతరం ఇదే. ఉత్తరప్రదేశ్ మోదీపురంలో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ల ప్రయోగాల్లో గోధుమ దిగుబడి 59 శాతం, బాస్మతి 32 శాతం తగ్గింది. రీడింగ్ వాళ్ల కాగితం నేనూ చదివాను. అక్కడ నేల చల్లగా ఉండటం, తేమ నిలవడం, వానపాములు పెరగడం చాలావరకు ఆచ్ఛాదన, అంటే నేల మీద గడ్డి కప్పడం, చలవ. డెల్టాలో గడ్డి కప్పుదామంటే ఆ గడ్డి గేదెలకే చాలదు.

అలాగని మొత్తం కొట్టిపారేయను. పూత దశకి ముందు కలియదున్నిన జీలుగ (పచ్చిరొట్ట పైరు) ఒక్కటే ఎకరానికి పాతిక ముప్పై కిలోల నత్రజని ఇస్తుంది. మన తాతలకి తెలిసిన సంగతే. జీలుగకి రావలసిన పేరు జీవామృతం కొట్టేస్తోందని నా బాధ.

దాళ్వా రైతు:
నల్లరేగడి గారూ, మీరు మంచి చోట పట్టుకున్నారు. కానీ జీలుగ వెయ్యాలంటే 45 రోజులు చేను నా చేతిలో ఉండాలి కదండీ. మా దగ్గర వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. అదనుకి వెయ్యాలంటే ఏప్రిల్ ఆఖరున వేసవి జల్లు పడ్డప్పుడో, ఉన్న తడి మీదో చల్లెయ్యాలి. కౌలు మాట తేలేదేమో కాలువలో నీళ్లు కనబడ్డాక. అప్పటిదాకా ఆసాములు "చూద్దాం" అంటారు. నా చేను అవునో కాదో తెలియని చేలో విత్తనాలు చల్లమంటారా? పిల్లిపెసర కూడా అంతే. దాళ్వా (రెండో పంట వరి) లేని ఏడు సార్వా కోతకి ముందు చల్లితే పశువులకి మేత, నేలకి బలం. కౌలుదారులు చల్లడం మానేసి చాలా కాలమైంది.

పత్తి చేను (జనగామ వైపు):
అన్నా, మీ దగ్గర కనీసం కౌలు రైతు కార్డు ఇస్తరు. మా దగ్గర అదీ లేదు. 1950 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో కౌలుకిచ్చుడే చాలావరకు నిషేధం, అయినా ఊళ్లల్ల మస్తు చేన్లు కౌలుకే నడుస్తున్నయి. ధరణి భూ రికార్డుల పోర్టల్ వచ్చినంక పహాణీల సాగుదారు పేరు రాసే గడే పోయింది. 2018ల రైతుబంధు మొదలైంది, ఎకరానికి ఫసలుకు నాలుగు వేలు, తర్వాత ఐదు వేలు, అన్నీ పట్టాదారుకే. కౌలు తగ్గిస్తరేమో అనుకున్న. తగ్గలే.

నేల సంగతి అడిగితే చెప్తా. మిషన్ కాకతీయల చెరువు పూడిక తీసినప్పుడు మట్టి ఫ్రీ, ట్రాక్టర్ కిరాయి మాత్రం మనది. చెరువు మట్టి ఒక్కసారి తోలితే కొన్నేండ్లు పని చేస్తది. నేను తోలలే. గొర్ల మంద కూడా పెట్టించలే. వచ్చే ఏడు ఎవరికిస్తడో తెల్వని చేనుకు నేను పైసలెందుకు పెట్టాలె? యూరియా అయితే వేసిన వారంల కనిపిస్తది, అందుకే నిరుడు యూరియా దొరకక చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డ. మా జిల్లాలనే ఏనబావి ఉన్నది, ఊరంతా మందులు బంద్ పెట్టిన ఊరు. పోయి చూసొచ్చిన, నిజంగ బాగుంది. కానీ అక్కడ ఎవరి చేను వాళ్లదే, నిర్ణయం ఊరంతా కూసొని తీసుకున్నరు.

ఆసామి (కూకట్‌పల్లి):
చదువుతుంటే ఆసాములంతా రాక్షసులన్నట్టు ఉంది. మా నాన్నగారు ఇచ్చిన మూడెకరాలు కౌలుకిచ్చాను. ఏటా వచ్చే మక్తా మా అబ్బాయి కాలేజీ ఫీజుకి కూడా చాలదు. కౌలుదారు కార్డుకి ఆసాములు సంతకం ఎందుకు పెట్టరని అడుగుతారు. 1956 కౌలు చట్టంలో ఒకసారి కౌలుకిస్తే ఆరేళ్లు లేపకూడదన్న నిబంధన ఉండేది. మా తాతగారి కాలంలో ఆ భయంతోనే ఏటా కౌలుదారుని మార్చేవారట. ఆ కార్డులిచ్చే 2019 చట్టం 11 నెలల ఒప్పందమే, కార్డు పంట మీదే హక్కు, భూమి మీద కాదు అంటోంది. నిజమే. కానీ అదే భూమి మీద నా పంట రుణం ఉంది. కౌలుదారుకి కూడా అదే సర్వే నంబరు మీద రుణం ఇస్తారా అని మా బ్యాంకులో అడిగితే ఒకాయన ఇస్తామన్నాడు, ఇంకొకాయన ఇవ్వమన్నాడు. అందుకని నేనూ సంతకం పెట్టలేదు. తప్పు నాది మాత్రమేనా?

నల్లరేగడి:
నిజాయితీగా చెప్పారు. చిన్న సవరణ: చాలామంది ఆసాములకి పంట రుణం కావలసింది పంట కోసం కాదు, వడ్డీ తక్కువని. అక్కడే ముడి పడింది.

ఎకనామిక్స్ విద్యార్థి (విశాఖ):
కొత్తగా చేరాను, తప్పుంటే క్షమించండి. దాళ్వా రైతు గారు చెప్పిన దానికి పరిశోధన ఉంది. ఘనా దేశంలో గోల్డ్‌స్టీన్, ఉడ్రీ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన అధ్యయనం. అక్కడ నేలకి బలం రావాలంటే కొన్నేళ్లు బీడు పెట్టాలి. ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు ధైర్యంగా బీడు పెడుతున్నారు. లేనివాళ్లు, బీడు పెడితే భూమి చేజారుతుందని ఏటా దున్నేస్తున్నారు, దిగుబడి పోగొట్టుకుంటున్నారు. అందరికీ వ్యవసాయం తెలుసు, భరోసాలోనే తేడా. మన దగ్గర పశ్చిమ బెంగాల్లో 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా ఉంది. బర్గాదారుల (పంటలో వాటా ఇచ్చే కౌలుదారుల) పేర్లు రికార్డుల్లోకి ఎక్కించి, వాటా ఇస్తున్నంత కాలం లేపకూడదన్నారు. దాని వల్ల దిగుబడి పెరిగిందని అభిజిత్ బెనర్జీ, మరో ఇద్దరు 2002లో చూపించారు.

నల్లరేగడి:
బెంగాల్లో పాలు (పంటలో వాటా) పద్ధతి తమ్ముడూ, పంట పోతే ఆసామికీ పోయేది. మన డెల్టాలో మక్తా. తుఫానొచ్చినా 30 బస్తాలు 30 బస్తాలే. ఇక్కడ పేరు ఎక్కించడంతో సరిపోదు, మొదటి రెండేళ్ల నష్టం ఎవరు భరించాలో కూడా తేలాలి.

మెట్ట సేద్యం (అనంతపురం):
మీ మక్తాలు మాకు అర్థం కావప్పా. ఇక్కడ వేరుశనగ చేన్లు కౌలుకి అడిగే దిక్కే లేదు. నేను సొంత చేన్లో వానలకి ముందే నవధాన్యాలు చల్లినాను, రెండేళ్లుగా నేల ఎండలకి పచ్చగానే ఉంది. మాకు ఇది పనికొస్తాంది. మీకు కాకపోతే మా పథకం ఎందుకు ఆపాల?

దాళ్వా రైతు:
ఆపమని ఎవరన్నారండి? 2018లో ప్రభుత్వం 60 లక్షల మంది రైతుల్ని ప్రకృతి సేద్యంలోకి తెస్తామంది, 2024కల్లా అంది. గడువొచ్చేసరికి చేరింది సుమారు 10 లక్షలు. ఎందుకు చేరలేదంటే ప్రచారం చాలలేదంటారు, మార్కెట్ లేదంటారు. నాలాంటి వాడి చేను ఏటా చేతులు మారుతుంటే ఏ లెక్కలోకి వస్తాం? మీటింగులో నా పేరు రాసుకున్నారు, ఇప్పటికీ ఆ జాబితాలో ప్రకృతి రైతునే అనుకుంటాను. ఆ రెండెకరాల్లో మాత్రం ఇప్పుడు పురుగుమందు గుళికలు పడుతున్నాయి.

నేలతల్లి:
ఆ మాట కాదనను అన్నా. మా రిజిస్టర్లలోనూ రైతు పేరు ఉంటుంది, ఆ చేను ఎవరిదో, ఎన్నాళ్లు అతని చేతిలో ఉంటుందో ఉండదు. నేను పై మీటింగులో అడుగుతాను. సాయం రైతుకి కాక చేనుకి, కనీసం మూడేళ్ల ఒప్పందం ఉన్న చేనుకి ఇస్తే? ఒప్పందం చేసుకున్న ఆసామికీ ఏదో ఒకటి దక్కేలా.

నల్లరేగడి:
ఏడాది దాటిన కౌలుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల మాయ అందుకే.

దాళ్వా రైతు:
ఆసామి గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ మూడెకరాలు ఎక్కడండి?

ఆసామి:
తణుకు దగ్గర. ఈ ఏడు చేస్తున్నాయన వయసైపోయిందని వదిలేస్తానంటున్నాడు. ఎందుకు?

దాళ్వా రైతు:
నాకిస్తారా? మూడేళ్లు. మొదటి ఏడు మక్తా మూడు బస్తాలు తక్కువ, మూడో ఏడు పూర్తి మక్తా మీద ఒక బస్తా ఎక్కువిస్తాను. చేను ఏప్రిల్‌లోనే అప్పగించాలి, జీలుగ చల్లుకుంటాను. రిజిస్ట్రేషన్ ఖర్చు చెరి సగం.

ఆసామి:
మక్తా సంగతి మాట్లాడుకోవచ్చు. ఏప్రిల్‌లో ఇవ్వడానికీ ఇబ్బంది లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం వద్దండీ, మాట మీద ఉందాం.

దాళ్వా రైతు:
మాట మీదే కదండీ పోయినసారీ ఉన్నాను.