జైలు ఉద్యోగానికి రెండేళ్ల కాలేజీ దండగా?

ప్లేనో అమ్మ: మా వాడికి 18 నిండాయి, హైస్కూల్ అయిపోయింది. కంప్యూటర్లు వద్దట. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు క్రిమినల్ జస్టిస్ (పోలీసు, కోర్టులు, జైళ్ల గురించిన చదువు) చదివి కరెక్షన్స్‌లో, అంటే జైళ్ల శాఖలో చేరతానంటున్నాడు. ఒంగోల్లో మా అత్తగారికి చెబితే "అమెరికా వెళ్లి జైల్లో పడ్డాడా?" అంటారు. పరువు సంగతి తర్వాత, అసలు ఆ రెండేళ్లకు ఫలితం ఉంటుందా?

షుగర్‌ల్యాండ్ శీను: దండగ అక్కా. టెక్సాస్ రాష్ట్ర జైళ్లలో కరెక్షనల్ ఆఫీసర్‌కి 18 ఏళ్లు, హైస్కూల్ సర్టిఫికెట్ ఉంటే చాలు. జీతమిచ్చి మరీ వాళ్లే శిక్షణ ఇస్తారు. ఇక చాలా జైళ్లలో ఖైదీలుండే చోట ఏసీ కూడా లేదు. ఆగస్టులో ఆ వేడిలో యూనిఫాంతో నిలబడటానికి డిగ్రీ ఎందుకు?

రాత్రి డ్యూటీ: నేను చదివింది ఇదే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. శీను గారు ఉద్యోగంలో చేరడం గురించి చెప్పింది నిజమే. కానీ మనం అన్నిటినీ జైలనే అంటాం. ఇక్కడ జైలు కౌంటీది, అంటే మన జిల్లా లాంటి దానిది, ప్రిజన్ రాష్ట్రానిది. మన సబ్‌జైలు, సెంట్రల్ జైలు తేడా లాంటిది. కౌంటీ జైల్లో చాలామంది ఇంకా విచారణ కూడా పూర్తికాని వాళ్లు. ఈ తేడా నాకు క్లాసులోనే తెలిసింది.

ఒకరోజు మమ్మల్ని కౌంటీ జైలు చూపించడానికి తీసుకెళ్లారు. వెనక తలుపు పూర్తిగా మూసుకుంటే గానీ ముందు తలుపు తెరుచుకోదు. ఆ రెంటి మధ్య అర నిమిషం నిలబడ్డాం, అంతే. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ వారమే కోర్సు మార్చుకున్నారు. ఉద్యోగంలో చేరాక తెలుసుకునే కంటే అది నయం కదా!

అసలు లాభం ప్రొబేషన్ ఆఫీసర్ కావాలనుకునే వాళ్లకి. శిక్ష పడి బయటే ఉన్నవాళ్లను చూసుకునే ఉద్యోగం అది. దానికి టెక్సాస్‌లో నాలుగేళ్ల డిగ్రీ ఉండాల్సిందే. అందులో మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా గడిచిపోతాయి.

షుగర్‌ల్యాండ్ శీను: సరే, ఆ క్రెడిట్లు, అంటే పాసైన సబ్జెక్టుల లెక్క, యూనివర్సిటీ వాళ్లు తీసుకోకపోతే? మా కజిన్‌కి సగం పోయాయి.

రాత్రి డ్యూటీ: ఏఏఎస్ చేసుంటాడు. నేరుగా ఉద్యోగానికి పంపే డిగ్రీ అది, అందులో చాలా సబ్జెక్టులు పైచదువులో లెక్కకు వస్తాయన్న హామీ లేదు. ఏఏ, అంటే యూనివర్సిటీకి మారేవాళ్ల రెండేళ్ల డిగ్రీ, తీసుకుని 42 క్రెడిట్ల కోర్ (అందరికీ ఉండే సాధారణ సబ్జెక్టులు) పూర్తిచేస్తే టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు ఆ కోర్ మొత్తాన్నీ ఒప్పుకోవాలి. ఒక్క అక్షరం తేడా, కానీ కౌంటర్ దగ్గర మనం అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

హెచ్4 నాన్న: పేపర్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఫెడరల్ ప్రిజన్ ఆఫీసరుకి మామూలుగా సిటిజన్‌షిప్ కావాలి, 37 నిండకముందే చేరాలి. మా అమ్మాయికీ ఇదే పిచ్చి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం, ఏం చెప్పను దానికి?

ప్లేనో అమ్మ: మా వాడు ఇక్కడే పుట్టాడండీ, ఆ టెన్షన్ లేదు. కానీ ఇప్పుడే వాడు తెచ్చిన కాగితం తీసి చూశా. ఏఏఎస్ అనే ఉంది! సోమవారం అడ్వైజర్ దగ్గరికి నేనూ వెళ్తున్నా. అత్తగారికి మాత్రం గవర్నమెంట్ జాబ్ అని చెప్పేశా.