ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: రేడియేషన్‌కు ముందు లింఫ్ గ్రంథులను ఆపరేషన్ చేసి పరీక్షించాలా?

బ్రాడీపేట వాసి, గుంటూరు:
మా పిన్నిగారికి వచ్చిన ఈ క్యాన్సర్ రెండు బి దశలో (గర్భాశయం పక్క కణజాలానికి పాకిన దశ) ఉందన్నారు. సీటీ స్కానులో కటి భాగంలో రెండు గ్రంథులు ఉబ్బి కనిపించాయి గానీ, పైన బృహద్ధమని పక్కన ఏమీ లేదు. ముందు లాపరోస్కోపీతో ఆ పై గ్రంథులను తీసి పరీక్షించాలని విజయవాడలో సర్జన్ గారు అంటున్నారు. అది ఆలస్యానికే తప్ప మరెందుకూ పనికిరాదని గుంటూరులో రేడియేషన్ వైద్యులు అంటున్నారు. ఎవరి మాటకు ఆధారం ఎక్కువో తెలిసినవారు చెప్పగలరు.

పటమట సర్జన్:
కటి గ్రంథులకు వ్యాధి సోకి ఉంటే, 2018 ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య) వర్గీకరణ ప్రకారం అది రెండు బి కాదు, మూడు సి ఒకటి. పై గ్రంథుల్లోనూ ఉంటే మూడు సి రెండు అవుతుంది, రేడియేషన్ ఇవ్వవలసిన పరిధి కూడా పైకి పెరుగుతుంది. స్కాను చూడలేనిది ఇక్కడే ఉంది. పెట్ స్కానులో (చురుకైన కణాలు వెలిగి కనిపించే స్కాను) బృహద్ధమని పక్కన ఏమీ కనిపించని 237 మందికి ఆపరేషన్ చేసి చూస్తే 12 శాతం మందిలో వ్యాధి బయటపడిందని 2013లో ఫ్రెంచి వైద్యుల బృందం ప్రచురించింది. కటి గ్రంథులు పెట్‌లో వెలిగినవారిలో ఈ లోపం సుమారు 22 శాతమని అంతకుముందు ఏడాది వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. పైగా మన ప్రాంతంలో పాత క్షయ ఉన్న గ్రంథి కూడా పెట్‌లో వెలుగుతుంది కనుక, వెలిగిన ప్రతిదాన్నీ క్యాన్సర్ అనుకోవడం మరో పొరపాటు.

అరండల్‌పేట రేడియేషన్ వైద్యురాలు:
సర్జన్ గారి అంకెలతో నాకు పేచీ లేదు. అయితే వ్యాధి ఎక్కడుందో తెలుసుకోవడం వేరు, తెలుసుకున్నందువల్ల రోగి ఎక్కువకాలం బతకడం వేరు. రోగులను చీటీల పద్ధతిన రెండు గుంపులుగా విడదీసి ఈ ప్రశ్నను పరీక్షించిన ప్రయత్నాలు బహు తక్కువ. తైవాన్‌లో జరిగి 2003లో వెలువడిన దానిలో ఆపరేషన్ గుంపే ఎక్కువ నష్టపోవడంతో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అయితే అందులో ఉన్నది 61 మందే కనుక దాన్ని తుది తీర్పుగా నేనూ చూపించను. జర్మనీలో 255 మందితో జరిపిన యుటరస్-11 అనే ఇలాంటి పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఆపరేషన్ చేసినవారిలో మూడోవంతు మందికి దశ పెరిగింది, చికిత్స పరిధి మారింది, అయినా వ్యాధి తిరగబెట్టకుండా గడిచిన కాలంలో రెండు గుంపులకూ స్పష్టమైన తేడా కనిపించలేదు. రెండు బి దశవారికి మేలు కనిపించిన మాట నిజమే గానీ, అది పరీక్ష ముగిశాక విడదీసి చూసిన లెక్క.

రేడియేషన్, వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపై బ్రాకీథెరపీ (లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్), ఇవన్నీ కలిపి ఎనిమిది వారాల్లో పూర్తికావాలి. ఆ చికిత్స మొదలుకావడమే థియేటర్ ఖాళీ కోసం, కుట్లు మానడం కోసం వాయిదా పడితే, పెరుగుతున్న గడ్డ మన కోసం ఆగదు.

పటమట సర్జన్:
నేను చెప్పిన ఫ్రెంచి అధ్యయనంలోనే, పై గ్రంథుల్లో 5 మిల్లీమీటర్లు మించని వ్యాధి దొరికి పరిధి పెంచి రేడియేషన్ తీసుకున్నవారు, వ్యాధి అసలు లేనివారితో సమానంగా బతికారు. ఆ చిన్న మచ్చ ఏ స్కానుకూ అందదు. అది కనిపెట్టినందువల్ల లాభం లేదని ఎలా అనగలం?

అరండల్‌పేట రేడియేషన్ వైద్యురాలు:
ఆపరేషన్ లేకుండానే పరిధి పెంచవచ్చు కదా. మూడు లేదా అంతకుమించి గ్రంథులకు సోకినా, కటి పైభాగంలోని కామన్ ఇలియాక్ రక్తనాళం పక్కన ఒక్కటి ఉన్నా, బృహద్ధమని వరకూ ముందుజాగ్రత్తగా రేడియేషన్ ఇవ్వడం ఎంబ్రేస్-2 అనే అంతర్జాతీయ అధ్యయనం పద్ధతి. కిరణాలను లక్ష్యం ఆకారానికి తగ్గట్టు మలిచే ఐఎంఆర్‌టీ వచ్చాక పేగులకు తగిలే మోతాదూ తగ్గింది. ఈ పిన్నిగారికి రెండే గ్రంథులు కనుక కేసు సరిగ్గా గీత మీద ఉంది, అందుకే ఇద్దరు వైద్యులు రెండు మాటలు చెప్పారు.

కృష్ణలంక నర్సు:
సీటీ మాత్రమే జరిగినట్టుంది. పెట్ తీయకుండా ఈ వాదన ఎంత సాగినా ఉపయోగం తక్కువ.

పటమట సర్జన్:
ఆ మాటతో ఏకీభవిస్తున్నాను. పెట్‌లో పై గ్రంథి వెలిగితే సూదితో ముక్క తీసి క్షయో క్యాన్సరో తేల్చవచ్చు, కుదిరితే ఆపరేషన్ అక్కరలేదు. కటి గ్రంథులే వెలిగి పైన ఖాళీగా ఉంటే మాత్రం నేను ఇప్పటికీ ఆపరేషనే అడుగుతాను, అదీ పది పదిహేను రోజుల్లో రేడియేషన్ మొదలుపెట్టగలమని రెండు విభాగాలూ ముందే మాట ఇచ్చుకుంటేనే.

అరండల్‌పేట రేడియేషన్ వైద్యురాలు:
ఆ పరిస్థితిలో నేను ఐఎంఆర్‌టీతో పరిధి పెంచుతాను. బ్రాడీపేట వారూ, ఆపరేషన్ తేదీ, రేడియేషన్ మొదలయ్యే తేదీ రెండూ కాగితం మీద రాసిమ్మని ఇద్దరినీ అడగండి. పెట్ రిపోర్టు చేతికి రాగానే ఇద్దరినీ ఒకే ట్యూమర్ బోర్డు (వివిధ విభాగాల వైద్యులు కలిసి నిర్ణయించే సమావేశం) ముందు కూర్చోబెట్టగల ఆసుపత్రికి తీసుకెళ్లండి.