ఎలుగుబంటికి ఆ పేరు అరుపును బట్టి వచ్చిందా?

ఉద్దానం కుర్రోడు:
మాది మందస దగ్గర. జీడితోటల్లోకి, పనసచెట్ల కిందకి ఎలుగులు రావడం మాకు మామూలే. నా మాట ఏటంటే, ఎలుగంటే గొంతు. 'ఎలుగెత్తి పిలిచాడు' అంటాం కదా! పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అది చేసే చప్పుడు వంద గజాల అవతలికి వినిపిస్తుంది. ఆ చప్పుడుకే ఈ పేరొచ్చింది. ఇక బంటి అంటే బంటు. జాంబవంతుడు రాముడి బంటే కదా. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
చప్పుడు సంగతి నిజమే తమ్ముడూ. దానికి పైదవడలో ముందుపళ్లు రెండుండవు. ముక్కు మూసుకుని, ఆ సందులోంచి చెదల్ని గట్టిగా పీలుస్తుంది. కానీ అది ఊపిరి చేసే చప్పుడు. ఎలుగెత్తడం గొంతుతో చేసే పని.

పక్క భాషలు కూడా చూడాలి. సంగం కాలపు తమిళంలో ఈ జంతువు పేరు 'ఎణ్కు'. దానికి గొంతు అనే అర్థం లేదు. ఇప్పుడు తమిళులూ కన్నడిగులూ 'కరడి' అంటున్నారు, పాత మాట మన దగ్గర నిలిచింది. గోండిలోనూ 'ఎడ్జ్' లాంటి పలుకుంది. మన నిఘంటువుల్లో 'ఎలుఁగు' అని అరసున్నతో ఉంటుంది. అరసున్న ఉందంటే ఒకప్పుడు అక్కడ ముక్కుతో పలికే అక్షరం ఉండేదన్నమాట. తమిళ ణకారం సరిగ్గా అక్కడే ఉంది. ఇన్ని భాషల్లో జంతువు పేరుగానే ఉన్న మాట, తెలుగులో మాత్రం అరుపులోంచి పుట్టిందంటే నేనొప్పుకోను. పాట పాడటం, ఇల్లు పాడుపడటం రెండింట్లోనూ 'పాడు' ఉంది, అంతమాత్రాన అవి ఒక్కటవుతాయా?

ఉద్దానం కుర్రోడు:
ణకారం సంగతి బలంగానే ఉంది మాస్టారూ. మరి బంటి మాటేటి? మా తాత ఎలుగును ఎప్పుడూ జాంబవంతుడనే అనేవాడు, పేరెత్తితే వస్తుందని భయం.

బొబ్బిలి మాస్టారు:
ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అడవి పక్క బతికేవాళ్లు పెట్టుకున్న మర్యాద అది. అయితే ఆ పేరు పురాణంలోంచి తెచ్చి పెట్టినది, మాట పుట్టుక వేరు. కొన్నిచోట్ల గుడ్డేలుగంటారు, కొన్నిచోట్ల ఎలుగ్గొడ్డంటారు. వాటిలో బంటి లేకపోయినా జంతువు మారలేదు. ఎలుగొక్కటే అసలు పేరు, బంటి పక్కన చేరింది. 'మోకాలిబంటి నీళ్లు' అన్నప్పుడు బంటికి మేర అని అర్థం, అక్కడ సేవకుడెవడూ లేడు. జాంబవంతుడి కోసం బంటిని బంటు చెయ్యొద్దు.