అప్‌డేట్: డ్రోన్ అనుమతి ఇంకా రాలేదు, చెరువు సర్వే మాత్రం పూర్తయింది

హనుమకొండ దగ్గరి ఒక చెరువులో పూడిక ఎంత పేరుకుందో కొలవడానికి 500 అడుగుల ఎత్తులో డ్రోన్ ఎగరవేసేందుకు దరఖాస్తు చేశామని, అది కదలడం లేదని, వానలు పడి నీరు చేరితే కొలతలకు వీలుండదని చెప్పి, ఏం చేయాలో ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను. ఆ దరఖాస్తు నేటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే చూపిస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా మరో విభాగాన్ని అడగమంటున్నారు.

2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఆపైన అనుమతి తప్పనిసరైన ఎల్లో జోన్ కిందికి వస్తుంది కాబట్టి, మీలో కొందరు సూచించినట్టు ఎత్తును 350 అడుగులకు తగ్గించాం. డ్రోన్ నమోదు, పైలట్ సర్టిఫికెట్ ముందే ఉన్నాయి. ఎగరవేసే రోజు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో కొత్త ఆంక్షలేవీ లేవని మరోసారి చూసుకున్నాం. ఎత్తు తగ్గినందువల్ల డ్రోన్ తిరగాల్సిన వరుసలు పెరిగి బ్యాటరీలు ఎక్కువ పట్టాయి గానీ, తూము పక్కన రాతికట్టులోని పగుళ్లు సైతం ఫొటోల్లో స్పష్టంగా వచ్చాయి.

పని జరిగినా ఈ ఆలస్యాన్ని నేను తేలికగా తీసుకోలేను. కాలం దాటితే వృథా అయ్యే ఇలాంటి పనులకు, కుదరదనైనా సరే, వేళకు చెప్పాలి. దరఖాస్తును వెనక్కి తీసుకోలేదు. జవాబు వస్తే తెలియజేస్తాను.