పాండవ గుళ్ళను తవ్వి చూడాలా, అలాగే వదిలేయాలా?

మామిడితోట:
పోయిన ఆదివారం మా పిల్లోణ్ణి తీసుకుని చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర మల్లయ్యపల్లె పాండవ గుళ్ళకు వెళ్ళొచ్చాను. నాలుగు పక్కలా నిలువుగా పాతిన బండలు, పైన మూతలాగా ఇంకో బండ. ఒక పక్క బండకు గుండ్రంగా తొలిచిన కంత. "నాయనా, ఈ కంతలోంచి భీముడు ఎట్ల దూరినాడు?" అని అడిగాడు వాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇవి పాండవుల ఇళ్ళు కావు, రెండు వేల ఏళ్ళకు పైబడిన ఇనుప యుగం సమాధులు. వీటిలో కొన్ని ఇప్పటికే కూలిపోయాయి. గుప్తనిధుల వాళ్ళు గడ్డపారలతో రాకముందే పురావస్తు శాఖ వాళ్ళు మిగిలినవన్నీ తవ్వి, దొరికింది మ్యూజియంలో పెట్టాలని నా మాట. మీరేమంటారు?

కోనేటిగట్టు:
వద్దన్నా. తవ్వడం ఒక్కసారే, రెండో చాన్స్ ఉండదు. 1922లో ఈజిప్టులో టుటన్‌ఖామున్ అనే రాజు సమాధి బయటపడిందని లోకమంతా సంబరపడింది. ఆ తర్వాత మమ్మీ పేటికకు అతుక్కుపోయి రాకపోతే ముక్కలు చేసి తీశారు. అదే చైనాలో మొదటి చక్రవర్తి చిన్ షీ హువాంగ్ సమాధి దిబ్బను ఇంతవరకు తెరవలేదు. పక్కనే 1974లో దొరికిన మట్టి సైనికుల బొమ్మల మీది రంగు గాలి తగలగానే పెచ్చులుగా లేచిపోయింది. ఆ దెబ్బతో వాళ్ళకు బుద్ధొచ్చింది. మనకు మాత్రం తొందరెందుకు?

రాళ్ళపిచ్చి:
కోనేటిగట్టు గారూ, రాజుల సమాధులతో వీటిని కలపకండి. మన దగ్గర రంగులూ లేవు, మమ్మీలూ లేవు. మట్టికుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు. లోపల నలుపు, బయట ఎరుపు ఉండే కుండలు. కొన్నిచోట్ల కాళ్ళున్న మట్టి పేటికలు. కడప జిల్లా శంఖవరంలో దొరికినదానికి పొట్టేలు తల ఉంది, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఎవరూ తవ్వకపోతే అది మనకు తెలిసేదా? 1947లో కర్ణాటకలో బ్రహ్మగిరి తవ్వాకే కదా ఈ సమాధుల కాలం ఒక వరుసలోకి వచ్చింది! చిత్తూరు దగ్గరి గుళ్ళ మీద న్యూబోల్డ్ అనే దొర రాసిన వ్యాసం 1852లోనే అచ్చయింది. నూటడెబ్బై ఏళ్ళు దాటాయి, ఊళ్ళో అడిగితే ఇంకా పాండవులే.

అవ్వకథలు:
పాండవులంటే తప్పేముంది? ఆ పేరుండబట్టే జనం వాటికి దూరంగా ఉన్నారు. మా అవ్వ ఆ పక్క మేకల్ని కూడా తోలనిచ్చేది కాదు. నా బాధ వేరే. అందులో ఉన్నది ఎవరో ఒకరి తల్లి, ఎవరో ఒకరి బిడ్డ. మన తాత సమాధి లేపుతామంటే ఒప్పుకుంటామా?

రాళ్ళపిచ్చి:
ఒప్పుకోమమ్మా, నిజమే. కానీ ఒక సంగతి. ఈ సమాధుల్లో చాలాచోట్ల శవాన్ని నేరుగా పెట్టలేదు. వేరేచోట వదిలి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. ఒకే దాంట్లో ఇద్దరు ముగ్గురివి కూడా ఉంటాయి. అంటే ఎముకల్ని కదిలించడం వాళ్ళకే అపచారం కాదు.

అవ్వకథలు:
ఏరింది వాళ్ళ పిల్లలు. మీరెవరు?

రాతిపని:
ఈ గొడవంతా చదివి నవ్వొస్తా ఉంది. నేను గ్రానైట్ క్వారీలో పదిహేనేళ్ళు పనిచేశా. తవ్వాలా వద్దా అని మీరు తేల్చేలోపు జేసీబీ వచ్చి బండలు ఎత్తుకుపోతుంది. చదునైన బండ దొరికితే కల్లంలోకో, గట్టుకో, ఇంటి ముందు అరుగుకో పోతుంది. ఆ పని చేసేవాడు దొంగేమీ కాదు, దాని సంగతి తెలియనివాడు. గుప్తనిధుల పిచ్చోళ్ళ సంగతి సరేసరి. ముందు అక్కడొక బోర్డు పెట్టండి, పెద్ద అక్షరాలతో: "ఇందులో బంగారం లేదు, కుండపెంకులున్నాయి." నా లెక్కలో దానికి మించిన కాపలా లేదు.

కోనేటిగట్టు:
బోర్డు మాట బ్రహ్మాండం. తొందరెందుకన్నానో ఇంకో ముక్క చెప్తా. హరియాణాలో సింధు నాగరికత నాటి రాఖీగఢీలో 61 ఎముకల నమూనాలు తీస్తే పనికొచ్చే డీఎన్‌ఏ ఒక్కదాంట్లోనే వచ్చింది. మన ఎండలకు డీఎన్‌ఏ నిలవదు, అంతే. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి వస్తుంది. అప్పటికి మట్టిలో ఏదైనా మిగిలుండాలి కదా.

మామిడితోట:
సరే, అన్నీ తవ్వాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పటికే కూలిపోయినవాటిలో ఒకటో రెండో, చేతనైనవాళ్ళతో తవ్విస్తే చాలు. నిలబడి ఉన్నవాటిని కొలతలు తీసి, ఫోటోలు తీసి వదిలేద్దాం. అవ్వకథలు గారు దీనికీ ఒప్పుకోరని తెలుసు.

అవ్వకథలు:
ఒప్పుకోను. బోర్డుకైతే నా వంతు డబ్బు ఇస్తా.

రాళ్ళపిచ్చి:
మామిడితోట గారూ, ఆ కంతలు తూర్పుకే ఉన్నాయా? న్యూబోల్డ్ అట్లా రాసినట్టు గుర్తు.

మామిడితోట:
చూడలేదు సార్. వచ్చే ఆదివారం పిల్లోడి చేతికి దిక్సూచి ఇచ్చి తీసుకెళ్తా.