టార్ వాడినా డార్క్‌నెట్ మార్కెట్లలో కొనేవాళ్లు ఎలా దొరికిపోతున్నారు?

వేగుచుక్క:
డార్క్‌నెట్ మార్కెట్ల మీద, అంటే టార్‌లోనే తెరుచుకునే, డ్రగ్స్ లాంటివి అమ్మే దొంగ సంతల మీద వ్యాసం రాస్తున్నాను. కొత్తగా అటు వెళ్లేవాళ్ల ధీమా అంతా రెండు మాటల మీదే: టార్‌లో (మన జాడ దాచే నెట్‌వర్క్) ఐపీ (నెట్‌లో మన కనెక్షన్ నంబరు) కనపడదు, బిట్‌కాయిన్‌కి పేరుండదు. మరి పోలీసుల చేతికి కొన్నవాళ్ల ఇంటి అడ్రసులు అన్నేసి ఎలా చిక్కాయి? టార్‌నే పగలగొట్టారా? ఆ మార్కెట్ల జోలికి పోకుండా, ఊరికే టార్ తెరిచి చదువుకోవాలన్నా ఏం చూసుకోవాలి?

మూడోమలుపు:
చాలా కేసుల్లో టార్‌ని పగలగొట్టే అవసరమే రాలేదండీ. హన్సా అనే డార్క్‌నెట్ మార్కెట్ సంగతి చూడండి. 2017 జూన్ 20న డచ్ పోలీసులు ఆ మార్కెట్‌ని గుట్టుచప్పుడు కాకుండా తమ చేతుల్లోకి తీసుకుని నెల్లాళ్లు వాళ్లే నడిపారు. మధ్యలో, జూలై మొదట్లో, అలాంటిదే ఇంకో పెద్ద మార్కెట్ ఆల్ఫాబే మూతపడింది. అక్కడివాళ్లు గుంపులుగా వచ్చి హన్సాలో చేరారు. అడ్రసున్న మెసేజ్‌ని పీజీపీతో (అందుకునేవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేకుండా చేసే పద్ధతి) లాక్ చేసే పని హన్సా సర్వరే చేసిపెట్టేది. అంటే మామూలు అక్షరాలు ముందు సర్వర్‌కి చేరతాయి, ఆ తర్వాతే లాక్ పడుతుంది. పోలీసులు కోడ్ మార్చి ఆ మధ్యలోనే కాపీ తీసుకున్నారు. కొన్నవాళ్లవి సుమారు 10,000 విదేశీ అడ్రసులు యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్‌కి వెళ్లాయి. అమ్మేవాళ్ల ఫోటోల్లోంచి లొకేషన్ వివరాలు తుడిచేసే ఏర్పాటునీ ఆపేసి, సర్వర్‌లో ఫోటోలు పోయాయి, మళ్లీ ఎక్కించమన్నారు. ఎక్కించారు కూడా! ఇక్కడ టార్ తన పని తాను సరిగ్గానే చేసింది. వస్తువు ఇంటికి రావాలంటే అడ్రసు ఎవరో ఒకరికి చెప్పక తప్పదు, దానికి టార్ ఏం చేస్తుంది?

లెక్కలపద్దు:
బిట్‌కాయిన్ గురించి. పేరుండదు, నిజమే. కానీ ప్రతి లావాదేవీ అందరికీ కనపడే పద్దులో ఉండిపోతుంది, దాన్ని చెరపలేం. గుర్తింపు కార్డు చూపించి ఎక్స్‌ఛేంజ్‌లో (బిట్‌కాయిన్ కొని అమ్మే చోటు) కొన్న నాణెం ఎటు కదిలిందో ఎన్నేళ్లయినా వెనక్కి లాగొచ్చు. 2012లో సిల్క్ రోడ్ అనే డార్క్‌నెట్ మార్కెట్ నుంచి దొంగిలించిన నాణేలు 50,676 దాకా 2021 నవంబరులో దొరికాయి. కొన్ని నేలలో పాతిన సేఫ్‌లో, కొన్ని బాత్‌రూం అల్మారాలో పాప్‌కార్న్ డబ్బాలో దుప్పట్ల కింద దాచిన చిన్న కంప్యూటర్ బోర్డు మీద.

ఉల్లిపొర:
వేగుచుక్క గారూ, మీ చివరి ప్రశ్నకి. టార్ మూడు రిలేల (మధ్యలో దారి మళ్లించే కంప్యూటర్ల) మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మీ ఐపీ తెలుస్తుంది, మీరు వెళ్లే సైట్ తెలీదు. చివరిదానికి సైట్ తెలుస్తుంది, మీరెవరో తెలీదు. మీరు టార్ వాడుతున్నారన్న సంగతి మాత్రం మీ నెట్ ఇచ్చేవాళ్లకి తెలుస్తుంది. 2013లో హార్వర్డ్‌కి టార్ మీదుగా బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చినప్పుడు, ఆ కాస్సేపట్లో యూనివర్సిటీ వైఫై నుంచి టార్‌కి ఎవరు కనెక్ట్ అయ్యారో చూశారు, మనిషి దొరికాడు.

బ్రౌజర్‌ని టార్ ప్రాజెక్ట్ సొంత సైట్ నుంచే దించుకుని, సిగ్నేచర్ (ఫైల్ అసలైనదేనని చూపే డిజిటల్ గుర్తు) సరిచూసుకోండి. అప్‌డేట్ వాయిదా వేయొద్దు. 2013 ఆగస్టులో ఫ్రీడమ్ హోస్టింగ్ అనే సర్వీసు మీద నడిచే టార్ సైట్లలో పెట్టిన కోడ్ విండోస్‌లోని పాత టార్ బ్రౌజర్ల అసలు ఐపీ లాగేసింది, ఆ లోపానికి మందు నెల ముందే అప్‌డేట్‌లో వచ్చేసింది. సెక్యూరిటీ లెవెల్ ‘సేఫెస్ట్’లో పెడితే జావాస్క్రిప్ట్ ఆగిపోతుంది. కొన్ని పేజీలు విరిగినట్టు కనిపిస్తాయి, చదవడానికి ఫర్వాలేదు. యాడ్‌ఆన్లు తగిలించొద్దు, అందరిలో మీ బ్రౌజర్ ఒక్కటే వేరుగా కనపడుతుంది. దించుకున్న పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లు నెట్ ఆన్‌లో ఉండగా తెరవొద్దు, వాటిలోని లింకు టార్‌ని దాటేసి నేరుగా బయటికి వెళ్లొచ్చు. మీ రోజువారీ మెయిల్‌లోకి అందులోంచి లాగిన్ అయితే ఇంక దాచేదేం లేదు.

వేగుచుక్క:
నకిలీ ఆనియన్ లింకుల (టార్‌లోనే తెరుచుకునే సైట్ల అడ్రసులు) గోల కూడా వింటున్నాను. అదెలా జరుగుతుంది?

ఉల్లిపొర:
ఆనియన్ అడ్రసు 56 అక్షరాలు, అందులోనే ఆ సైట్ పబ్లిక్ కీ (అది అసలు సైటేనని సరిచూసే, అందరికీ కనపడే తాళంచెవి) ఉంటుంది. జనం చూసేది మొదటి ఐదారు అక్షరాలే. అవి కలిసేలా కొత్త అడ్రసు తయారుచేయడం మామూలు కంప్యూటర్‌కి పెద్ద పనేం కాదు. పైన ఒక్కో అక్షరం కలవాలంటే శ్రమ 32 రెట్లు పెరుగుతుంది, కాబట్టి మొత్తం 56 కలపడం కుదరదు. తప్పు అడ్రసు తెరిచినా బ్రౌజర్ హెచ్చరించదు, దాని లెక్కలో అదీ అసలైన సైటే. నకిలీ పేజీ మధ్యలో కూర్చుని పాస్‌వర్డు తీసుకుంటుంది, డబ్బు వేయాల్సిన చోట తన వాలెట్ అడ్రసు చూపిస్తుంది. మోసపోయినవాళ్లు ఫిర్యాదు చేయడానికి వెళ్లరు, ఆ ధైర్యంతోనే ఈ దందా ఆగకుండా నడుస్తోంది.