అప్‌డేట్: గీజర్ లీకేజీ ఎక్కడో దొరికింది

మా 15 లీటర్ల గీజర్ కింద నీళ్లు కారుతున్నాయి, ట్యాంకు పోయినట్టేనా అని పోయిన వారం అడిగాను కదా. ట్యాంకు బాగానే ఉందండీ!

గీజర్‌కి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాక కింది మూత తీశాం. అంతా పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో జాయింటుకీ టిష్యూ కాగితం చుట్టి చూశాం. సేఫ్టీ వాల్వ్ దగ్గర పొడిగానే ఉంది. నీళ్లు వేడిచేసే ఎలిమెంట్ బిగించిన చోట కాగితం తడిసిపోయింది. మెకానిక్ విప్పి చూపిస్తే, అక్కడ నీళ్లు కారకుండా ఆపే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి పగిలి ఉంది. ఎలిమెంట్ నిండా సున్నం పెంకులు. మాది బోరు నీళ్లు మరి. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం రాడ్డయితే తీగలా మిగిలింది.

గ్యాస్కెట్, రాడ్డు మార్పించాం, ఎలిమెంట్ శుభ్రం చేయించాం. ట్యాంకు నిండి వేడినీళ్ల కుళాయిలో ధార వచ్చాకే స్విచ్ వేశాం. నాలుగు రోజులైంది, చుక్క కారలేదు. ముందు గ్యాస్కెట్ చూడమన్నవారికి చాలా థ్యాంక్స్.